మీ సైకిల్ స్పీడు నిజంగా ఎంత? కిలోమీటర్ల నుంచి మీటర్లు, అడుగులు, మైళ్లలోకి మార్చుకునే పద్ధతి

సైకిల్ స్పీడు మీటర్‌లో 20 అని కనిపిస్తుంది. గంటకు 20 కిలోమీటర్లు. సరే, కానీ మన విజయవాడ బందరు రోడ్డులో పక్కన ఆపి ఉన్న కారు తలుపు హఠాత్తుగా తెరుచుకుంటే మీకు దొరికేది ఒక సెకను, మహా అయితే ఒకటిన్నర. ఆ సెకనులో మీ సైకిల్ ఎంత దూరం పోతుందో తెలియకపోతే ఆ 20 అంకె ఎంత మెరిసినా మీకు ఏమీ చెప్పనట్టే. అందుకే స్పీడును యూనిట్లు మార్చి చూడటం పరీక్షల కోసం మాత్రమే నేర్చుకోవాల్సిన విషయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. రోజూ సైకిల్ తొక్కే ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా పిల్లల్ని స్కూలుకు సైకిల్ మీద పంపే తల్లిదండ్రులు, ఇది నోటికి వచ్చేలా నేర్చుకోవాలి.

మొదటి మెట్టు, కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చడం. గుంటూరులోనో విజయవాడలోనో బ్యాంకు పరీక్షలకు, గ్రూప్స్‌కు కోచింగ్ తీసుకున్నవాళ్లకు 5/18 తో గుణించాలని తెలిసే ఉంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందంటే, కిలోమీటరుకు 1000 మీటర్లు, గంటకు 3600 సెకన్లు, 1000ని 3600తో భాగిస్తే 5/18. అంతే. కానీ హ్యాండిల్ పట్టుకుని వెళ్తూ ఎవరూ 18తో భాగించలేరు. కాబట్టి ఒకే ఒక్క జంట గుర్తుపెట్టుకోండి: 18కి 5. గంటకు 18 కిలోమీటర్లు అంటే సెకనుకు సరిగ్గా 5 మీటర్లు. దాన్ని సగం చేస్తే 9కి రెండున్నర, రెట్టింపు చేస్తే 36కి 10, ఒకటిన్నర రెట్లు చేస్తే 27కి ఏడున్నర. మధ్యలో వచ్చే అంకెలను వీటి పక్కన పెట్టి అంచనా వేసుకోవచ్చు. 20 అంటే 5కి కాస్త ఎక్కువ, కచ్చితంగా చెప్పాలంటే 5.56. ఊళ్లో సైకిల్ తొక్కే మనలో చాలామంది 18కి అటూ ఇటూనే ఉంటాం కాబట్టి ఈ జంట భలే కలిసొస్తుంది.

మీటర్లు అంటే మనసుకు పట్టని వాళ్లు అడుగుల్లో చూసుకోండి. మన దగ్గర రోడ్డు వెడల్పు చెప్పాలంటే ఎనభై అడుగుల రోడ్డు, వంద అడుగుల రోడ్డు అంటాం, ఇంటి స్థలం కూడా అడుగుల్లోనే చెబుతాం. నాకు కూడా కంటికి ఆనేది అడుగులే. దీనికి లెక్క ఇంకా తేలిక: గంటకు ఎన్ని కిలోమీటర్లో అందులో పదో వంతు తీసేస్తే సెకనుకు ఎన్ని అడుగులో దాదాపు వచ్చేస్తుంది. 20కి 18 అడుగులు, 30కి 27 అడుగులు. అసలు విలువలు 18.2, 27.3. సైకిల్ మీద ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఆ కారు తలుపు దగ్గరికి రండి. ప్రమాదం కంటపడి, బుర్రకు ఎక్కి, వేళ్లు బ్రేకు నొక్కేసరికి ఒకటిన్నర సెకను పడుతుందనుకోండి. 20 స్పీడులో ఆ ఒకటిన్నర సెకనుకే 27 అడుగులు, అంటే 8.3 మీటర్లు, ముందూ వెనకా రెండు కార్లు నిలబెట్టినంత పొడవు వెళ్లిపోతారు. బ్రేకు పడటం ఆ తర్వాతే మొదలవుతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులు ప్రతి సెకనుకూ సెకనుకు 3 మీటర్ల చొప్పున వేగం తగ్గిస్తాయనుకుందాం. స్పీడును సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 6తో భాగిస్తే బ్రేకు పడ్డాక పోయే దూరం వస్తుంది. 15 స్పీడుకు దాదాపు 2.9 మీటర్లు. 30 స్పీడుకు 11.6. స్పీడు రెట్టింపు అయితే ఈ దూరం నాలుగు రెట్లు అయ్యింది చూడండి. కిలోమీటర్లలో చూస్తే 15, 30 పక్కపక్క అంకెల్లా ఉంటాయి, మీటర్లలోకి మార్చి లెక్క వేస్తే ఒకటి గది పొడవు కూడా లేదు, ఇంకోటి ఆర్టీసీ బస్సంత ఉంది. వాన పడి రిమ్ములు తడిసినా, పాత కడ్డీ బ్రేకుల సైకిలైనా ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి. పిల్లలకు నెమ్మదిగా వెళ్లమని వందసార్లు చెప్పడం కన్నా ఒకసారి సుద్దముక్కతో వీధిలో 27 అడుగులు గీసి చూపించండి. నేను అలాగే చేశాను. మా అమ్మాయి ఆ గీత ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచి చూసి, ఆ తర్వాత ఆగి ఉన్న కార్లకు దూరంగా తొక్కడం మొదలుపెట్టింది.

ఇక రెండో మెట్టు, నిజానికి చాలామంది వదిలేసే మెట్టు: మార్చబోయే ఆ అంకె అసలు సరైనదేనా? సైకిల్ మీటర్‌కు స్పీడు కొలవడం రాదు. ముందు చక్రం స్పోకుకు ఒక చిన్న అయస్కాంతం, ఫోర్కుకు ఒక సెన్సరు ఉంటాయి కదా, చక్రం ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ అది ఒకటి లెక్కపెడుతుంది. ఒక చుట్టుకు ఎంత దూరం అన్నది మీరు సెట్టింగ్‌లో పెట్టిన చుట్టుకొలతను బట్టే. అక్కడ తప్పు పెడితే తర్వాత ఎన్ని యూనిట్లలోకి మార్చినా తప్పే మారుతుంది. నా పాత 28 అంగుళాల సైకిల్‌కు మీటర్ బిగించిన షాపులో సన్నటి 700×25 టైరుకు పెట్టే 2105 మిల్లీమీటర్లు అలాగే వదిలేశారు. నా చక్రం అసలు చుట్టుకొలత 2210. చాలా రోజులు నేను తొక్కిన ప్రతి 20కి మీటర్ 19 చూపించింది, గుంటూరు వైపు 32 కిలోమీటర్లు వెళ్లిన రోజు 30.5 అని చెప్పింది. ఒంట్లో ఓపిక తగ్గిందేమోనని అనవసరంగా టెన్షన్ పడ్డాను.

చుట్టుకొలత మీరే కొలవండి, పది నిమిషాల పని. టైర్లలో రోజూ ఎంత గాలి కొట్టిస్తారో అంత కొట్టించండి. అపార్ట్‌మెంటు సెల్లారులాంటి చదునైన చోటు చూసుకోండి. ముందు చక్రం వాల్వు సరిగ్గా కిందికి వచ్చేలా పెట్టి, నేల మీద సుద్దతో గీత గీయండి. ఇప్పుడు సీటు మీద కూర్చోండి, పక్కన ఇంకొకరు పట్టుకోవాలి. కూర్చుంటేనే టైరు కాస్త అణుగుతుంది, రోడ్డు మీద ఉండేది అదే స్థితి. వంకర పోకుండా తిన్నగా, వాల్వు మూడుసార్లు కిందికి వచ్చేవరకు వెళ్లి, అక్కడ ఇంకో గీత గీయించండి. టేపుతో కొలిచి మూడుతో భాగించండి. నాకు మూడు చుట్లకు 6 మీటర్ల 63 సెంటీమీటర్లు వచ్చింది, అంటే చుట్టుకు 2210 మిల్లీమీటర్లు. ఒక చుట్టే కొలిస్తే గీత దగ్గర చేసే చిన్న పొరపాటు అంతా దాని మీదే పడుతుంది, అందుకే మూడు. ఇప్పటికే తొక్కేసిన పాత దూరాలను కూడా సరిచేసుకోవచ్చు, పాత అంకెను కొత్త చుట్టుకొలతతో గుణించి పాతదానితో భాగిస్తే చాలు. నా 30.5 అలాగే 32 అయ్యింది.

సరిగ్గా పెట్టారో లేదో రోడ్డు మీద తేల్చుకోండి. హైవే పక్కన, పసుపు తల ఉన్న కిలోమీటరు రాళ్ల మధ్యలో చాలాచోట్ల 2, 4, 6, 8 అని రాసిన చిన్న రాళ్లు కనిపిస్తాయి. ఒక్కోటి 200 మీటర్లకు ఒకటి. ఒక రాయి నుంచి తర్వాతి రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 720ని ఆ సెకన్లతో భాగించండి, గంటకు కిలోమీటర్లు వచ్చేస్తాయి. 40 సెకన్లయితే 18, 36 అయితే 20, 48 అయితే 15. మొత్తం కిలోమీటరుకు చూస్తే 3600ని సెకన్లతో భాగించాలి. హైవే మీద ఈ పని చేస్తే సర్వీసు రోడ్డులోనే చేయండి, లారీల పక్కన వాచీ చూసుకుంటూ తొక్కడం వద్దు.

మన ఊరివాళ్లకు ఇంతకన్నా మంచి కొలబద్ద ఇంకోటి ఉంది. ప్రకాశం బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు. తిన్నగా ఉంటుంది, ఎత్తుపల్లాలు లేవు, పైన చెట్లూ మేడలూ లేవు కాబట్టి ఫోన్ జీపీఎస్ కూడా అక్కడ బాగా పనిచేస్తుంది. తెల్లవారుజామున రద్దీ మొదలుకాకముందు విజయవాడ వైపు చివర స్టాప్‌వాచ్ నొక్కి, సీతానగరం వైపు చివర ఆపండి. 4400ని వచ్చిన సెకన్లతో భాగించండి. 220 సెకన్లు అయితే 20, 245 సెకన్లు అయితే దాదాపు 18. మొదలుపెట్టే చోటు ఓ పది మీటర్లు అటూ ఇటూ అయినా తేడా ఒక్క శాతం దాటదు. ఒకసారి వెళ్లి ఊరుకోకుండా తిరిగి వచ్చేటప్పుడు కూడా చూడండి, ఎందుకో కింద గాలి గురించి చెప్పేచోట తెలుస్తుంది. పోల్చుకోవడానికి ఒక మాట: 2022 అక్టోబరు 8న ఇటలీ సైక్లిస్టు ఫిలిప్పో గన్నా స్విట్జర్లాండ్‌లోని గ్రెంఖెన్ ట్రాక్ మీద ఒక్క గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కాడు. సెకనుకు 15.8 మీటర్లు. ఆ వేగంతో మన బ్యారేజీ 78 సెకన్లలో అయిపోతుంది, అదీ గంటసేపు ఆపకుండా. బ్యారేజీ మీద మీ టైము మీరు చూసుకున్నాక ఆ అంకె విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

మూడో మెట్టు, కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు అన్నది. పరిగెత్తేవాళ్లు దీన్నే పేస్ అంటారు. సైకిల్ వాళ్లు పెద్దగా వాడరు కానీ టైముకు చేరాలంటే ఇదే పనికొస్తుంది. 60ని స్పీడుతో భాగించాలి. 12కి 5 నిమిషాలు, 15కి 4, 20కి 3, 30కి 2. ఇక్కడ ఒక పొరపాటు ప్రతి ఒక్కరూ చేస్తారు, జాగ్రత్త. 25 స్పీడుకు లెక్క వేస్తే 2.4 వస్తుంది. అది 2 నిమిషాల 40 సెకన్లు కాదు. ఆ .4 ని 60తో గుణించాలి, 24 సెకన్లు. కాబట్టి 2 నిమిషాల 24 సెకన్లు. 18కి 3.33, అంటే 3 నిమిషాల 20 సెకన్లు. విజయవాడ నుంచి మంగళగిరి సుమారు 12 కిలోమీటర్లు అనుకుంటే 12 సార్లు 3 నిమిషాల 20 సెకన్లు, 40 నిమిషాలు. సిగ్నళ్లకు, వారధి దగ్గర రద్దీకి ఓ పది నిమిషాలు కలుపుకోండి.

సరాసరి దగ్గర కూడా ఇలాంటిదే ఒకటుంది. పొద్దున 30 కిలోమీటర్లు 20 స్పీడులో వెళ్లారు, ఎండెక్కాక అదే 30 కిలోమీటర్లు 12 స్పీడులో వచ్చారు. సరాసరి 16 అనుకుంటాం, 20, 12 కలిపి రెండుతో భాగించి. కానీ వెళ్లడానికి గంటన్నర, రావడానికి రెండున్నర గంటలు, మొత్తం 60 కిలోమీటర్లకు 4 గంటలు పట్టింది. సరాసరి 15. నెమ్మదిగా తొక్కిన స్పీడులో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి సరాసరిని అది కిందికి లాగుతుంది. ఎప్పుడైనా మొత్తం దూరాన్ని మొత్తం టైముతోనే భాగించండి, స్పీడులను కలిపి భాగించకండి. చాలా మీటర్లు, యాప్‌లు మీరు ఆగగానే టైము లెక్కపెట్టడం ఆపేస్తాయి. టీ కోసం అరగంట ఆగినా అది లెక్కలోకి రాదు. ఇంట్లో ఎన్నింటికి వస్తానని చెప్పాలో లెక్క వేసేటప్పుడు ఆగిన టైము కూడా కలపాలి.

ఇక మైళ్లు. మా పిన్ని కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, ఆదివారాలు సైకిల్ తొక్కి నాకు ఫోన్ చేస్తాడు. "అన్నయ్యా, ఇవాళ 14 వచ్చింది" అంటాడు. నాది ఆ రోజు 18. చూడటానికి నాది ఎక్కువ, కానీ వాడిది మైళ్లలో. ఒక మైలు 1.609 కిలోమీటర్లు కాబట్టి వాడి 14 మన 22.5. మైళ్లను కిలోమీటర్లు చేయాలంటే ఉన్న అంకెకు అందులో సగం, ఇంకా పదో వంతు కలపండి: 14కి 7, 1.4 కలిపితే 22.4. కిలోమీటర్లను మైళ్లు చేయాలంటే సగం తీసుకుని, ఆ సగంలో పావు వంతు కలపండి: 24కి సగం 12, దాంట్లో పావు 3, మొత్తం 15. అసలు విలువ 14.9. ఇంటర్నెట్‌లో అమెరికా వాళ్ల ట్రైనింగ్ వీడియోలు చూసి 18లో తొక్కమన్నారని తొక్కేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి, వాళ్ల 18 మన 29, కొత్తవాళ్లు దాన్ని అందుకోవాలని చూస్తే మోకాళ్లకు ఇబ్బంది రావచ్చు. ఫోన్ యాప్‌లో స్పీడు ఉన్నట్టుండి తక్కువ కనిపిస్తుంటే ముందు సెట్టింగ్స్‌లో మైళ్లు ఉన్నాయేమో చూడండి.

పెద్దవాళ్లు చెప్పే లెక్కలకూ ఇదే సూత్రం. మన దేశంలో మెట్రిక్ కొలతలకు 1956లో చట్టం వచ్చి, 1958 నుంచి అంచెలంచెలుగా అమల్లోకి వచ్చాయి, అంతకు ముందు పెరిగిన తరానికి దూరం అంటే మైలే. క్రోసు అంటే రెండు మైళ్లు, ఆమడ అంటే ఎనిమిది మైళ్లు అని మా తాతయ్య లెక్క చెప్పేవారు. "గంటలో ఆమడ దూరం తొక్కేవాణ్ణి" అని ఆయన అంటే గంటకు 8 మైళ్లు, దాదాపు 13 కిలోమీటర్లు. మట్టి రోడ్డు మీద, బరువైన సైకిల్‌తో, వెనక క్యారియర్ మీద బస్తాతో అది మంచి స్పీడే.

ఇప్పుడు గాలి. బ్యారేజీ మీద, కరకట్ట మీద తొక్కేవాళ్లకు ఎదురుగాలి సంగతి చెప్పక్కర్లేదు. వాతావరణ యాప్ గాలిని ఒక్కోసారి కిలోమీటర్లలో, ఒక్కోసారి సెకనుకు మీటర్లలో చూపిస్తుంది, విమానాశ్రయాల గాలి వివరాలు, గన్నవరంతో సహా, నాట్స్‌లో ఉంటాయి. ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు. నాట్స్‌ను సగం చేస్తే సెకనుకు మీటర్లు దాదాపు వచ్చేస్తాయి, 10 నాట్స్ అంటే 5 మీటర్లు, మనం మొదట్లో అనుకున్న 18కి 5 లెక్కే మళ్లీ. రెట్టింపు చేసి పదో వంతు తీసేస్తే కిలోమీటర్లు. మనవైపు తుపాన్లు వచ్చినప్పుడు వినే అంకెలకూ ఇది పనికొస్తుంది: గాలి 34 నాట్స్ చేరితే దాన్ని తుపాను అంటారు, అది గంటకు 63 కిలోమీటర్లు.

సైకిల్ మీద దీన్ని ఎలా వాడాలంటే, ఎదురుగాలి స్పీడును, మీ స్పీడును ఒకే యూనిట్‌లోకి తెచ్చి కలపండి. మీరు 18లో, అంటే సెకనుకు 5 మీటర్లు వెళ్తున్నారు, ఎదురుగాలి సెకనుకు 3 మీటర్లు. మీ ఛాతీకి తగిలే గాలి 8 మీటర్లు, అంటే గంటకు దాదాపు 29 కిలోమీటర్లు. గాలి నెట్టే బలం ఆ వేగాన్ని దానితోనే గుణించినట్టు పెరుగుతుంది కాబట్టి, గాలి లేని రోజుతో పోలిస్తే రెండున్నర రెట్లు ఎక్కువ. స్పీడు 18 నుంచి 14కు పడిపోతే తప్పు మీ కాళ్లది కాదు. యాప్ చూపించే గాలి పది మీటర్ల ఎత్తులోది, మన ఎత్తులో కొంచెం తక్కువ ఉంటుంది, అది గుర్తుంచుకోండి. బ్యారేజీ టైము రెండు వైపులా చూడమన్నది ఇందుకే. రెండు టైములూ కలిపి, రెండు పొడవులను ఆ మొత్తంతో భాగిస్తే ఆ రోజు మీ నిజమైన సరాసరి. గాలి బాగా ఉన్న రోజు అయితే అది గాలి లేని రోజు కన్నా తక్కువే వస్తుంది.

చివరిగా, మీటర్ లేనివాళ్లు, బ్యాటరీ అయిపోయినవాళ్లు. పెడల్ లెక్కపెట్టి స్పీడు తెలుసుకోవచ్చు. ముందు చైన్‌వీల్ పళ్లు, వెనక ఫ్రీవీల్ పళ్లు ఇంట్లోనే లెక్కపెట్టుకోండి, సుద్దతో ఒక పన్ను గుర్తుపెట్టి మొదలుపెడితే తప్పు పోదు. ముందు 44, వెనక 18 ఉంటే, 44ని 18తో భాగిస్తే 2.44. పెడల్ ఒక చుట్టు తిప్పితే చక్రం రెండున్నర చుట్లకు కాస్త తక్కువ తిరుగుతుంది. దాన్ని మీ చుట్టుకొలతతో, నాది 2.21 మీటర్లు, గుణిస్తే 5.4 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే 324 మీటర్లు. నిమిషానికి మీటర్లను గంటకు కిలోమీటర్లు చేయాలంటే 6తో గుణించి వందతో భాగించండి, 19.4 వస్తుంది. కుడికాలు కిందికి వచ్చిన ప్రతిసారీ ఒకటి చొప్పున అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే చాలు. గేర్ల సైకిల్ అయితే ఏ గేరులో ఉన్నారో ఆ పళ్లే తీసుకోవాలి. చైనుతో పాటు ఫ్రీవీల్ మార్పించినప్పుడు పళ్లు మళ్లీ లెక్కపెట్టండి, షాపులో అందుబాటులో ఉన్నది వేసేస్తారు, 18 బదులు 20 వేస్తే అదే తొక్కుడుకు 19.4 కాస్తా 17.5 అవుతుంది.